మెట్ట చేనుకు ఏ పాత పంట? జొన్న, సజ్జ, రాగి, కొర్ర, కందుల మధ్య ఎంపిక

వాన తక్కువ నేలల్లో పాత పంటలను తిరిగి వేయాలనుకునే చిన్న రైతులు, వారికి తోడుగా నిలిచే సంఘాలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: వీటిలో ఏది తక్కువ నీటితో పండుతుంది? ఆ ఒక్క ప్రశ్నతో ఎంపిక తేలదు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరిక, వరిగ, ఉలవ, కంది, అలసంద అన్నీ బెట్టకు ఎంతో కొంత ఓర్చుకునేవే. వేల ఏళ్లుగా మెట్ట చేలల్లో నిలదొక్కుకున్నాయి కాబట్టే మన కాలం దాకా వచ్చాయి. ఇవి వెనకపట్టు పట్టడానికి చేనులో ఉన్న కారణాలు తక్కువ, చేను దాటాక ఉన్నవే ఎక్కువ. దంచే ఓపిక లేక, మర పట్టే చోటు దగ్గర్లో లేక, బియ్యం, గోధుమలు సులువుగా దొరికాక తినే అలవాటు తప్పి, కొనేవారు కరవై ఇవి మూలపడ్డాయి. తిరిగి తేవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అందుకే ఈ పోలికలో దిగుబడి కంటే పొట్టుకు, విత్తనానికి, మేతకు, అమ్మకానికి ఎక్కువ చోటిచ్చాను.

వాన ఎన్ని రోజులు, నేల ఎంత లోతు

ఏడాది సగటు వర్షపాతం చూసి పంటను ఎంచుకుంటే తరచూ దెబ్బ తగులుతుంది. తొలి పదును వాన నుంచి నేల పూర్తిగా ఆరిపోయే వరకు ఎన్ని రోజులు దొరుకుతాయన్నది అసలు లెక్క. అందులోంచి పది, పదిహేను రోజులు తీసేసి, మిగిలిన గడువులో కోతకొచ్చే పంటనే తీసుకోవాలి. వరిగ 60–75 రోజుల్లో చేతికొస్తుంది. ధాన్యపు పంటల్లో నీటి అవసరం అతి తక్కువగా ఉన్నవాటిలో అదొకటి. సజ్జ, కొర్ర, ఊద సుమారు 75–90 రోజులు. సామ ఇంకో పది రోజులు ఎక్కువ తీసుకోవచ్చు. రాగి, జొన్న రకాన్ని బట్టి 100–120 రోజులు. అరిక 110–130 రోజుల పంట. కందిలో పాత రకాలైతే అయిదారు నెలలు చేనులో ఉంటాయి.

నేలను బట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టం. ఇసుక నేలలో, 300–400 మి.మీ. వానతో నిలబడే ధాన్యం కావాలంటే సజ్జ వైపే చూడాలి. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో దాదాపు 4,500 ఏళ్ల కిందట సాగులోకి వచ్చిన పంట అది. తేమను పట్టి ఉంచే లోతైన నల్లరేగడిలో జొన్నకు సాటి లేదు: వానలు వెనుదిరిగాక విత్తినా నేలలోని తేమతోనే గింజ కడుతుంది. ఎర్ర నేల, 500 మి.మీ.కు పైగా కాస్త నమ్మకమైన వాన ఉంటే రాగి. గులకరాళ్లతో, లోతు లేకుండా ఉండే వాలు నేలలకు సామ, అరిక, ఉలవ.

నడుమ వచ్చే బెట్టను ఒక్కో పంట ఒక్కో తీరున దాటుతుంది. జొన్న ఆకులు చుట్టుకుని, వాటి మీది మైనపు పూతతో తేమను కాపాడుకుంటూ ఎదుగుదల ఆపేసి ఎదురుచూస్తుంది. వాన పడగానే మళ్లీ కదులుతుంది. సజ్జ తొలి కంకి దెబ్బతిన్నా కొత్త పిలకలు వేసి, వాటి కంకులతో నష్టాన్ని కొంత పూడుస్తుంది. రాగి ఈ విషయంలో ఆ రెండింటికీ సరి రాదు కానీ, నారు పోసి నాటుకునే వెసులుబాటు దానికి ఉంది. తొలకరి ఆలస్యమైన ఏడాది చిన్న మడిలో నారు పెంచి, వాన నిలకడగా పడ్డాక నాటితే మూడు వారాల దాకా కలిసొస్తుంది.

పొట్టు బాధ లేని మూడు

కొత్తగా మొదలుపెట్టేవారు జొన్న, సజ్జ, రాగి ఈ మూడింటిలోంచే తొలి పంటను ఎంచుకోవాలని నా సలహా. కారణం మామూలుదే: ఈ గింజలు నూర్పిడితోనే తొడుగు వదిలి బయటపడతాయి. మామూలు పిండిమరలో ఆడించుకోవచ్చు, వేరే యంత్రం అక్కర్లేదు.

జొన్న విలువలో సగం చొప్పలోనే ఉంది. వానలు మొహం చాటేసిన ఏడాది గింజ దక్కకపోయినా మేత దక్కుతుంది. పశువులను అయినకాడికి అమ్ముకునే పరిస్థితి రాకుండా కాపాడేది అదే. పొట్టి రకాలు గింజ ఎక్కువ ఇస్తాయి, చొప్ప తక్కువ ఇస్తాయి. మేత కొనాల్సివచ్చే ఇంటికి ఆ ఖర్చూ కలిపి లెక్క వేస్తే చాలాసార్లు పొడుగు పాత రకమే మేలు. అయితే జొన్న దగ్గర ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. లేత మొక్కల్లో, బెట్టకు వాడిన పైరులో, కోత తర్వాత మోళ్ల నుంచి వచ్చే పిలకల్లో సైనైడ్ విషం తయారవుతుంది. ఆ పైరు, పిలకలు మేసిన పశువు నిమిషాల్లో పడిపోవచ్చు. పూత వచ్చాక కోసి, బాగా ఎండబెట్టి వేస్తే భయం చాలా తగ్గుతుంది. ఇక విత్తడం ఆలస్యమైతే మొవ్వు ఈగ పడుతుంది కాబట్టి, చుట్టుపక్కల చేలన్నీ తొలి పదునుకే దాదాపు ఒకేసారి విత్తుకోవడం మంచిది. ఆఫ్రికాలోని జొన్న చేలను పీల్చేసే స్ట్రైగా అనే కలుపు మరీ మొండిది. అది పైరు వేరుకు అంటుకుని బతుకుతుంది, ఒక్క మొక్క వేల కొద్దీ విత్తనాలు రాలుస్తుంది, అవి నేలలో పదేళ్లకు పైగా చావవు. అది కనిపించిన చేనులో జొన్న మీద జొన్న వేయకుండా పప్పుజాతి పంటలతో మార్చి మార్చి వేయాలి.

సజ్జ బలం వేడిని తట్టుకోవడం. పూత దశలో ఎండ 42 డిగ్రీలు దాటినా గింజ కట్టే రకాలు దీనిలో ఉన్నాయి. తక్కువ ఎరువుతో సరిపెట్టుకుంటుంది. 2012లో విడుదలైన ధనశక్తి అనే రకాన్ని గింజలో ఇనుము ఎక్కువ ఉండేలా ఎంపిక చేసి తెచ్చారు; అది హైబ్రిడ్ కాదు కనుక రైతు విత్తనం దాచుకోవచ్చు. బలహీనత పిండిలో ఉంది. గింజలో కొవ్వు ఎక్కువ. ఆడించగానే ఆ కొవ్వు విడివడి, వారం పది రోజుల్లోనే పిండి చేదెక్కుతుంది. ఇంటి అవసరానికి కొద్దికొద్దిగా ఆడించుకునేవారికి ఇది ఇబ్బందే కాదు. పొట్లాల్లో పిండి అమ్ముదామనుకునే సంఘానికి మాత్రం పెద్ద అడ్డంకి. పిట్టల బెడద కూడా ఎక్కువే. కంకి మీద పొడుగాటి నూగు ముళ్లుండే రకాలను పిట్టలు తక్కువగా ముట్టుకుంటాయి. చేను చిన్నదై, చుట్టూ మరెవరూ సజ్జ వేయకపోతే ఆ రకమే వేయండి, లేకపోతే ఊరి పిట్టలన్నీ మీ చేను మీదే వాలతాయి.

రాగి దగ్గర నాకు నచ్చేది నిల్వ. గింజ సన్నం, పైపొర గట్టి. సరిగ్గా ఆరబెట్టి దాచితే పురుగు పట్టకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. వరసగా రెండేళ్లు వానలు తప్పే చోట ఈ ఒక్క గుణం దిగుబడిలోని తేడా కంటే విలువైనది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు మించదు. పిల్లలున్న ఇంటికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. కష్టమల్లా కలుపు తీయడంలో, కంకులను ఒక్కొక్కటిగా కోయడంలో ఉంది. అగ్గితెగులు వచ్చే చోట తట్టుకునే రకాన్నే అడిగి తీసుకోవాలి.

చిన్న గింజలు: చేనులో సులువు, రోటి దగ్గర కష్టం

కొర్ర, సామ, అరిక, వరిగ, ఊద, అండుకొర్ర. వీటి గురించి ఇప్పుడు ఎక్కడ చూసినా పొగడ్తలే. చేనులో ఆ పొగడ్తలకు అర్హమైనవే. ఎకరానికి రెండు నుంచి నాలుగు కిలోల విత్తనం చాలు. వేరుశనగ వేస్తే అరవై కిలోలకు పైగా కావాలి. పంట పోయిన ఏడాది అప్పు ఎంత మిగిలిందన్నది ఆ తేడాలోనే తేలుతుంది. ఎరువు, మందు పెద్దగా అడగవు. అండుకొర్ర చెట్ల నీడలో కూడా పండుతుంది. ఊద కొన్నాళ్లు నీరు నిలిచినా ఓర్చుకుంటుంది.

చిక్కంతా పొట్టులో. వీటి గింజ గట్టి తొడుగులో ఉంటుంది; అది తీయనిదే వండుకోవడం కుదరదు. అరికకు పొర మీద పొర. రోట్లో ఒకసారి దంచి చెరిగితే సగం గింజలు అలాగే ఉంటాయి. మళ్లీ దంచాలి, మళ్లీ చెరగాలి. ఈ పని దాదాపు అన్ని చోట్లా ఆడవాళ్ల మీదే పడింది. బియ్యం దొరకగానే వాళ్లు ఈ గింజలను వదిలించుకోవడంలో ఆశ్చర్యం లేదు, తప్పూ లేదు. పాత పంట తిరిగి రావాలని కోరుకునేవారు ఆ చాకిరీ కూడా తిరిగి రావాలని కోరుకోకూడదు. నడిచి వెళ్లగల దూరంలో పొట్టు తీసే మర లేనిచోట వీటిని ముఖ్య పంటగా వేయమని ఎవరికీ చెప్పకండి.

మర కొనే సంఘాలు ఒక సంగతి గమనించాలి. గింజను వేగంగా విసిరి గోడకు కొట్టి పొట్టు రాల్చే మరలో అన్నీ ఒకే సైజు గింజలైతేనే పని చక్కగా సాగుతుంది. కలగలుపు గింజలు పోస్తే పెద్దవి నలిగి నూకవుతాయి, చిన్నవి పొట్టుతోనే బయటికొస్తాయి. రెండు రకాల సైజు జల్లెడలు, రాళ్లు ఏరే యంత్రం ముందు ఉండాలి; ఆ తర్వాతే మర. గింజలో తడి ఎక్కువైతే పొట్టు వదలదు, కాబట్టి ఆడించే ముందు ఒక పూట ఎండలో వేయాలి. ఇన్ని చేసినా క్వింటా గింజలకు అరవై, డెబ్బై కిలోల బియ్యం వస్తే బాగా వచ్చినట్టే. వానాధారంగా ఎకరాకు మూడు నుంచి ఆరు క్వింటాళ్ల పంటలోంచి ఈ తరుగు తీసేసి చూసుకోండి, అప్పుడే నిజమైన దిగుబడి తెలుస్తుంది. పొట్టుతో ఉన్న గింజ చాలా కాలం చెడదు. పొట్టు తీసిన బియ్యం తవుడు వల్ల కొన్ని నెలల్లో ముక్కవాసన వేస్తుంది. అందువల్ల ఎప్పటికప్పుడు కావలసినంతే ఆడించాలి.

యంత్రం ఒక పంట రాతను ఎలా మార్చగలదో పశ్చిమ ఆఫ్రికాలోని ఫోనియో అనే చిరుధాన్యం చూపించింది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కోతకొచ్చే రకాలు దానిలో ఉన్నాయి, నిస్సారమైన నేలలో పండుతుంది. గింజ ఇసుక రేణువంత ఉండటంతో పొట్టు తీయడం నరకంగా ఉండేది. సెనెగల్‌కు చెందిన ఇంజినీరు సనూసి దియాకితే దానికోసం చిన్న పొట్టు యంత్రం తయారుచేశారు, 1996లో దానికి రోలెక్స్ పురస్కారం వచ్చింది. గంటల పని నిమిషాల్లోకి వచ్చాక ఆ గింజను మళ్లీ సంతకు తెచ్చి అమ్మడం సాధ్యమైంది.

అరికతో మరో జాగ్రత్త. కోత సమయంలో తడిసి బూజు పట్టిన అరికలో సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం చేరుతుంది. 2024 అక్టోబరు చివర మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోయినప్పుడు పరీక్షల్లో బయటపడింది ఈ విషమే. అవి అరిక పైరును పెద్ద మొత్తంలో మేశాయి. కోతల వేళ వానలు పడే ప్రాంతమైతే అరికకు బదులు ముందే కోతకొచ్చే సామ లేదా కొర్ర తీసుకోవడం క్షేమం.

పప్పుజాతి తోడు తప్పనిసరి

ధాన్యం ఏదైనా దాని పక్కన ఒక పప్పుజాతి పంట ఉండాలి. ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది అన్నది పరీక్షకు నిలిచిన పద్ధతి. కొర్ర మూడు నెలల్లో వెళ్లిపోతుంది. అప్పటిదాకా నిదానంగా పెరిగిన కంది, ఖాళీ అయిన జాగాలో కొమ్మలు వేస్తూ లోతు వేళ్లతో అడుగు తేమను తోడుకుంటుంది. తొలి వానలు తప్పితే కంది, చివరి వానలు తప్పితే కొర్ర చేతికి దక్కుతుంది. కందికి పశువులను విచ్చలవిడిగా వదిలే అలవాటు మాత్రం పెద్ద శత్రువు: మిగతా చేలు కోసేశాక పచ్చగా మిగిలేది అదొక్కటే. కాపలాకో, కంచెకో ఊరు ఒప్పుకోకపోతే కంది ఆశ వదులుకుని రెండు నెలల్లో వచ్చే అలసంద వేయడం నయం.

అలసందకు చేనులోనూ పురుగుల బెడద ఉంటుంది, నిల్వలో పురుగు మరీ ఎక్కువ. నిల్వ పురుగుకు చవకైన ఉపాయం గాలి చొరబడని మూడు పొరల సంచి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980ల చివర కామెరూన్‌లో దీన్ని రూపొందించారు. సంచి మూతి గట్టిగా కట్టేస్తే లోపలి ఆక్సిజన్ అయిపోయి పురుగు తిండి మానేస్తుంది, మందు చల్లే పని లేదు. ఉలవను మాత్రం ముఖ్య పంటగా లెక్క వేసుకోకుండా, వానలు బాగా ఆలస్యమైన ఏడాదికి అట్టిపెట్టుకున్న అస్త్రంగా చూడండి. మిగతావన్నీ చేయి దాటిపోయాక విత్తినా ఎంతో కొంత గింజ, పశువులకు మేత ఇస్తుంది.

విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది

ఈ విషయంలో పంటలన్నీ ఒక్కటి కావు. రాగి, కొర్ర, సామ లాంటివి తమలో తామే పరాగసంపర్కం చేసుకుంటాయి. చేను మధ్యలో బలమైన మొక్కలను గుర్తుపెట్టి, వాటి కంకులు విడిగా కోసి దాచుకుంటే రకం చెడదు. సజ్జ అలా కాదు. కంకిలో ముందు కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే ఆడ భాగాలు) బయటికొస్తాయి, ఒకటి రెండు రోజులు ఆగి పుప్పొడి రాలుతుంది. ఆలోగా పక్క చేను పుప్పొడి గాలికి వచ్చి చేరిపోతుంది. విత్తనం కోసం వేసే సజ్జకు, ఇతర సజ్జ చేలకు మధ్య కనీసం 200 మీటర్ల దూరం కావాలి. చిన్న కమతాల రైతు ఒంటరిగా దీన్ని సాధించలేడు, పక్కవాళ్లతో మాట్లాడుకోవాలి. జొన్న ఈ రెండింటికీ మధ్యస్థం. కంది పూలను తేనెటీగలు కలగలుపుతాయి కాబట్టి దానికీ దూరం అవసరమే.

తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పనిని చేసి చూపించాయి. ఎక్కువ మంది దళిత చిన్న రైతులే. ఒకే చేనులో పలు పంటలు కలిపి వేస్తూ, ఊరి విత్తన నిధిలోంచి తీసుకున్న విత్తనానికి పంట వచ్చాక ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తూ ఆ సంఘాలు నిలబడ్డాయి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. ఏ ప్రాంతంలోనైనా విత్తనం సంఘం చేతిలో ఉందా, ఏటా బయటి నుంచి కొనాలా అన్నది మొదటి ఏడాదే తేల్చుకోవలసిన సంగతి.

తిండికా, అమ్మకానికా

పాత పంటను కేవలం అమ్మకానికి వేయడం చిన్న రైతుకు ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. దక్షిణ అమెరికాలో పండే కినోవా అనే గింజ కథ తెలిసిందే. 2013ను ఐక్యరాజ్యసమితి కినోవా సంవత్సరంగా ప్రకటించింది, ధర ఆకాశానికంటింది, ఎత్తైన మైదానాల్లో లామా అనే ఒంటె జాతి పశువుల మేత భూములు కూడా సాగులోకి వచ్చాయి. మిగతా దేశాలూ పండించడం మొదలుపెట్టాక రెండు మూడేళ్లలో ధర కుప్పకూలింది. కెన్యాలో జొన్న బీరు తయారీ కోసం వేలాది రైతులు జొన్న వేశారు. 2013లో ప్రభుత్వం ఆ బీరుపై పన్ను పెంచగానే అమ్మకాలు పడిపోయి, గింజ కొనేవారు లేకుండా పోయారు. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడితే ఎక్కడో తీసుకున్న నిర్ణయం చేను దాకా వస్తుంది.

ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్ దారి వేరు. పండించే ఇళ్లలో తినడాన్ని పెంచడం, ఊళ్లోనే మరలు పెట్టడం, మిగిలిన రాగిని ప్రభుత్వం మద్దతు ధరకు కొనడం కలిసి సాగాయి. ఇల్లు మొదట, సంత తర్వాత అన్న ఆ వరస నాకు సరైనదిగా తోస్తుంది. ఇంటికి సరిపడా గింజ పక్కన పెట్టాక మిగిలేదే అమ్మకానికి. అప్పుడు ధర పడినా ఆకలి ఉండదు.

ఎవరికి ఏది

పశువులున్న ఇల్లు, లోతైన నేల అయితే జొన్నతో కంది. ఇసుక నేల, తీవ్రమైన ఎండ అయితే సజ్జతో అలసంద. ఎర్ర నేల, చిన్న పిల్లలు, ఇంటి నిల్వ ముఖ్యం అనుకుంటే రాగి, అంచుల్లో కంది. మర దగ్గర్లో ఉండి, వాన గడువు తక్కువైతే కొర్ర. రాళ్ల వాలు నేలకు సామ. ఏది ఎంచుకున్నా తొలి ఏడాది పొలంలో నాలుగో వంతుకు మించి వేయవద్దు. మిగతా భాగంలో ఇప్పటికే తెలిసిన పంటను కొనసాగించండి. దూర దేశపు కొత్త గింజ కంటే, ఆ నేలలో ఒకప్పుడు పండి మరుగునపడిన రకానికే మొదటి అవకాశం ఇవ్వండి. దాన్ని విత్తి, కోసి, వండిన పెద్దలు ఇంకా ఉన్నారేమో వెతకండి, ముఖ్యంగా ఆడవాళ్లను అడగండి. ఏ రకం త్వరగా పొట్టు వదులుతుందో వాళ్లకే తెలుసు.

విత్తనం కొనేముందు పది కిలోల గింజలు తెచ్చి మొత్తం దారి నడిపించి చూడండి. ఎంత దూరం మోసుకెళ్లి మర పట్టించాల్సి వచ్చింది, ఎన్ని కిలోలు తిరిగొచ్చాయి, ఎంత ఖర్చయింది, వండింది ఎవరు, ఇంట్లో పిల్లలు రెండోసారి అడిగి తిన్నారా, మిగిలిన రెండు కిలోలను సంతలో ఎవరైనా కొన్నారా. ఈ ఆరింటిలో మూడింటికి జవాబు బాగా లేకపోతే ఈ ఏడాదికి ఆ పంటను ఆపి, జాబితాలో తర్వాతి గింజతో ఇదే పరీక్ష చేయండి.